చెత్తబుట్టలో ముప్ఫై రోజులు

అబిడ్స్,
ఆగస్టు 10, 2025

గోపాలరావు గారికి,

ఈ "గారు" ఏంది కొత్తగ అనుకుంటున్నవా? ఇరవై రెండేండ్లు జోడీ ఫోటో స్టూడియోల ఒక్క కెమెరా బ్యాగును ఇద్దరం మార్చి మార్చి మోసినం, ఒక్కనాడు గారు అనలే. పోయిన దసరాకు నీ కంప్యూటర్ నువ్వు ఎత్తుకొని, నాంపల్లిల మీ అక్క ఇంటి ముందు గదిల పాస్‌పోర్ట్ ఫోటోల దుకాణం పెట్టుకున్నప్పుడు గూడ అనలే. ఇయ్యాల అంటున్న. ఇయ్యాల నువ్వెవరో నాకు సమజైతలేదు.

వాట్సాప్‌ల పెట్టొచ్చు గదా అంటవేమో. పెడితే నువ్వు చదివి, జవాబు రాసి, మల్ల అందరికి కనబడకుంట డిలీట్ కొడ్తవ్. ఫోన్ చేస్తే నా నోరు ఆగదు, బీపీ పెరుగుతది, మా ఇంటామె పద్మ ఫోన్ గుంజుకుంటది. అందుకే కాయితం. నడిస్తే పావుగంట దూరానికి స్పీడ్ పోస్ట్ ఏందని కౌంటర్ల పిల్ల నవ్వింది. నవ్వనీ.

ఇగ సంగతి. రెండు వారాల సంది నా కంప్యూటర్ మెకానిక్ దగ్గర ఉండె. నిన్న పొద్దుగాల తెచ్చి స్టార్ట్ చేసిన. ఫోల్డర్లన్ని ఉన్నయ్. "2024 ఫిబ్రవరి – స్నేహలత" ఫోల్డర్ గూడ ఉన్నది, నా కండ్లతోని చూసిన. తర్వాత నెట్ వైరు పెట్టిన. కింద మూలకు ఆ క్లౌడ్ బొమ్మ గిర్రున తిరిగింది. నేను చాయ్ పోసుకొని వచ్చేసరికి ఆ ఒక్క ఫోల్డర్ లేదు! కంప్యూటర్ల లేదు, క్లౌడ్‌ల లేదు, యాడ లేదు.

మనం విడిపోయినం గాని క్లౌడ్ విడిపోలే. నీ కంప్యూటర్, నా కంప్యూటర్ రెండూ ఒక్క ఖాతాకే కట్టేసి ఉన్నయ్. నీ దగ్గర తీస్తే నా దగ్గర పోతది. నేను వైరు పెట్టకుంటే నా దాంట్ల మిగిలేటియి. నా చేతులతోని నేనే పోగొట్టుకున్న.

ఆ ఫోటోలు ఎందుకు కావాలెనో నీకు తెలుసు. అయినా రాస్తున్న. స్నేహలత, దవాఖానల రక్త పరీక్షలు చేసే పిల్ల, నాంపల్లి స్టేషన్ ఎన్క చిన్న గుడిల పెండ్లి చేసుకున్నది. పెండ్లికొడుకు నీ మేనల్లుడు శశికిరణ్. వాళ్ళమ్మ ఒప్పుకునే దాక ఎవరికి చెప్పొద్దన్నడు, ఆల్బం గూడ వద్దన్నడు. పిల్ల హాస్టల్ల, పిల్లగాడు ఇంట్ల. ఇప్పుడేమో కార్తీకంల ఇంకో పెండ్లికి తయారైండు. పిల్ల కోర్టుకు పోతే, "ఈమె పరిచయం మాత్రమే, పెండ్లి కాలేదు" అని రాసిచ్చిండట. కొత్త ఫోన్ కొనిస్తనని పిల్ల పాత ఫోన్ ఎప్పుడో తీస్కపోయిండు. నువ్వు అప్పుడు పిల్లకు పంపిన లింక్ నొక్కితే ఫైల్ లేదని వస్తున్నది. సాక్షులుగ నిలబడ్డ ఇద్దరు శశికిరణ్ దోస్తులే, మాకు తెల్వదంటున్నరు. పెండ్లి చేసిన అయ్యగారు ఊరిడిచి పోయిండు. సెప్టెంబర్ 11 వాయిదా.

ఫోటోలు యాడ ఉన్నయ్?

బాలకిషన్


నాంపల్లి,
ఆగస్టు 13

శ్రీ బాలకిషన్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. సంతకం పెట్టి తీసుకున్నాను కాబట్టి అందలేదని అనలేను.

క్లౌడ్ నిండిపోయిందని నెల రోజులుగా ఎర్ర గీత చూపిస్తోంది. కొత్త ఫోటోలు ఎక్కడం లేదు. పాతవి కొన్ని తీసి జాగా చేశాను. నా కంప్యూటర్‌లో తీస్తే క్లౌడ్‌లో ఉంటాయిలే అనుకున్నాను. కింద గది ఊడిస్తే అటక మీది సామాను పోతుందని ఎవరనుకుంటారు? పొరపాటు జరిగింది. దానికింత రాద్ధాంతం చేసి, పోస్టులో పంపించి, మా వీధిలో నా పరువు తీయనక్కర్లేదు.

మీ దగ్గర కెమెరా కార్డులు ఉంటాయి కదా, వెతుక్కోండి. శశికిరణ్ విషయం అంటారా, అది వాడి సొంత వ్యవహారం. నాకేమీ తెలియదు. నన్నందులోకి లాగొద్దు.

చెల్లెమ్మ పద్మను అడిగానని చెప్పండి.

ఇట్లు,
గోపాలరావు


అబిడ్స్,
ఆగస్టు 15

గోపాలరావుకు,

జెండా పండుగ, బేరం లేదు, తీరికగ రాస్తున్న. జవాబు గూడ తీరికగనే ఇయ్యి.

జాగ కోసం తీసినవా? మంచిది. మన ఖాతాల మూడు వందల నలభై ఫోల్డర్లు ఉన్నయ్. పెండ్లి వీడియోలు ఒక్కొక్కటి గంపెడు జాగ తింటయ్, ఒక్కటి ముట్టలేదు నువ్వు. నూట పన్నెండు ఫోటోల చిన్న ఫోల్డర్ ఒక్కటే నీ కంటికి చెత్త లెక్క కనబడ్డదా? అబద్ధమన్న అతికేటట్టు చెప్పు యార్!

ఇంకోటి. సింక్ అంటే అద్దం, ఈడ బొట్టు చెరిపితే ఆడ గూడ చెరుగుతది, జాగ్రత్త కిషన్ అని నాకు నేర్పింది ఎవరు? నేను మౌస్ పట్టుకోవడానికి భయపడ్డ రోజుల్ల నా చెయ్యి పట్టుకొని నేర్పినవ్. ఇప్పుడు అటక, చీపురు అని నాకు కథ చెప్తవా?

కార్డులు ఎప్పుడో తుడిచి వేరే పెండ్లిళ్ళు ఎక్కించినం. కంప్యూటర్ మల్ల మెకానిక్‌కు ఇచ్చిన. ఆయన రెండు రోజులు తవ్విండు, దొరకలే. గాని ఒక మాట చెప్పిండు. క్లౌడ్‌ల తీసేసినయి ఎంబడే పోవట, చెత్తబుట్టల ముప్ఫై రోజులు ఉంటయట. బుట్టల నుంచి తిరిగి తీస్కోవచ్చట. ముప్ఫై దాటితే మాత్రం దేవుడొచ్చినా దొరకవట.

బుట్ట తెరువాలంటే ఖాతాల లాగిన్ కావాలె. పాస్‌వర్డ్ మార్చినవ్. ఓటీపీ నీ ఫోన్‌కే వస్తది. అంటే ఆ పిల్ల పెండ్లి ఇప్పుడు నీ జేబుల ఉన్నది.

రెండే అడుగుతున్న. ఏ తారీఖున తీసినవ్? ఎప్పుడు తిరిగి పెడ్తవ్?

నువ్వు మనిషివేనని ఇంకా అనుకుంటున్న.

కిషన్


నాంపల్లి,
ఆగస్టు 20

కిషన్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇక నటించే ఓపిక లేదు.

అవును, కావాలనే తీశాను. తొమ్మిదో తారీఖున తీశాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. కమలక్కయ్యకు అప్పుడు పద్దెనిమిది. తను చదువు మానేసి నాకు అన్నం వండి పెట్టింది. పెళ్ళయి వస్తూ నన్నూ వెంట తెచ్చుకుంది. విశ్వనాథ్ బావగారు ఒక్కనాడు మొహం చిట్లించలేదు. బావగారు పోయాక ఆవిడకు ఉన్నది ఆ కొడుకూ నేనూ. నేను పెళ్ళి చేసుకోలేదు, ఇల్లు కట్టుకోలేదు. ఈ ఇంట్లోనే బతుకుతున్నాను. ఇదంతా నీకు తెలుసు. అయినా మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు ఆ పిల్ల గురించే ఆలోచిస్తున్నావు.

శశి వచ్చి ఏడ్చాడు. "చిన్నతనంలో ఏదో చేశాను మామయ్యా, అమ్మకు తెలిస్తే చచ్చిపోతుంది" అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడికి చిన్నతనమేమిటిరా అన్నాను. చెంప పగలగొట్టాను కూడా. కానీ అక్క తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. "తీసెయ్యరా గోపీ" అంది. నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒకసారి ఆ పిల్లను ఫోటోలో చూడక్కా అన్నాను. కళ్ళు గట్టిగా మూసుకుంది. "నేను చూడను. చూస్తే నిజమవుతుంది" అంది.

నొక్కాను. ఏం చెయ్యమంటావు?

విజయవాడ అమ్మాయితో తాంబూలాలు పుచ్చుకున్నారు. వాళ్ళు మర్యాదస్తులు. ఇప్పుడు ఈ గొడవ బయటపడితే అక్క ఎవరికీ మొహం చూపించలేదు. నువ్వు నా స్థానంలో ఉంటే ఏం చేసేవాడివి? పద్మను అడిగి నిజం రాయి.

ఫోటోల విషయం ఆలోచిస్తాను. నన్ను తొందర పెట్టకు.

గోపాలం


అబిడ్స్,
ఆగస్టు 25

గోపాల్ భాయ్,

పద్మను అడిగిన. "నేనైతే నొక్కుతుంటి, ఎంబడే తిరిగి తీస్తుంటి" అన్నది. ఆమె నాకన్న తెలివిగల్లది.

మీ అక్క నీకు తల్లి అసొంటిది, ఔ, ఒప్పుకుంటున్న. నేను ఆమె చేతి పులుసు తిన్నోడినే. ఆమె మీద నాకు కోపం లేదు. గాని భాయ్, ఆమె కండ్లు మూసుకుంటే నువ్వెట్ల మూసుకుంటవ్? కండ్లు తెరిచి చూసుడే గదా మన రోజీ, మన బువ్వ!

నేను కోర్టుకు వచ్చి చెప్తనన్న. వకీలు ఏమన్నడో తెలుసా? "మీరు బయటి మనిషి, ఫోటోలకు పిలిస్తే వచ్చిన్రు, మీ ఒక్క మాట నిలబడదు. ఫోటో ఉంటే వేరే" అన్నడు.

నిన్న స్నేహలత వాళ్ళ నాయిన వచ్చిండు. బాలమల్లు, అఫ్జల్‌గంజ్‌ల హమాలీ పని. బిడ్డ పెండ్లి అయిన సంగతి ఆయనకు జూన్‌ల తెలిసింది. కొట్లాడిండు, నెల రోజులు మాట్లాడలే, ఇప్పుడు బిడ్డ ఎన్క నిలబడ్డడు. మన స్టూడియో మెట్ల మీద కూసున్నడు, పైకి రమ్మంటే రాలే, కాళ్ళకు బురద ఉన్నదన్నడు. "సార్, బస్తీల నా బిడ్డను ఏమేమో అంటున్నరు. పెండ్లి అయ్యిందని నేనంటే, నువ్వు చూసినవా అని అడుగుతున్నరు. నేను చూడలే గదా" అన్నడు. చాయ్ తాగిపిచ్చి పంపిన.

నువ్వు తొమ్మిది అన్నవ్ గాబట్టి వచ్చే నెల ఎనిమిదో తారీఖు దాక టైం ఉన్నది. నేను ఎల్లుండి చవితి అయినంక కరీంనగర్ పోతున్న, రెండు పెండ్లి రిసెప్షన్లు ఉన్నయ్. మూడో తారీఖు పొద్దుగాల దిగుత. దిగి సీదా మీ ఇంటి ముంగట కూసుంట. మీ అక్క కాళ్ళు మొక్కుమంటే మొక్కుత. నన్ను అంత దూరం తేకు. ఒక్క నొక్కుడు, అంతే.

పాపం మూటగట్టుకోకు భాయ్.

కిషన్


నాంపల్లి,
సెప్టెంబర్ 2

కిషన్,

ఫోటోలు లేవు. బుట్ట ఖాళీ.

ఈ వాక్యం రాయడానికి గంట పట్టింది. మిగతాది చెప్తాను, విన్నాక ఏమన్నా పడతాను.

తొమ్మిది అని నీకు అబద్ధం రాశాను. తొమ్మిది నీ కంప్యూటర్‌లో పోయిన రోజు. నేను తీసింది ఆగస్టు రెండున. నువ్వు ఎనిమిది దాకా టైముందని నమ్ముకుని ఉంటే, ఈలోగా రోజులు నిండిపోతాయని ఆ లెక్క రాశాను. నీలాంటివాడిని అలా మోసం చేశాను. నా చేత్తో రాసిందే, కాదనను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం దుకాణంలో ఒక్కణ్ణే ఉన్నాను. వీధి చివర మండపం మైకులో పాటలు హోరెత్తిస్తున్నాయి. లోపలికి ఒక అమ్మాయి వచ్చింది. తలెత్తి చూస్తే స్నేహలత. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. "మామయ్యగారూ, కోర్టు కాగితాలకి పాస్‌పోర్టు ఫోటో కావాలి" అంది. అంతే. వెళ్ళి స్టూలు మీద కూర్చుంది.

ఎన్ని వేల మొహాలు తీశాం కిషన్ మనం! ఆ మొహానికి ఫోకస్ మూడుసార్లు సరిచేశాను. గడ్డం కొంచెం పైకి అమ్మా అన్నాను. పెట్టింది. నేరుగా లెన్సులోకి చూసింది. రెప్ప వెయ్యలేదు.

అప్పుడే అక్క లోపలినుంచి వచ్చింది. ఆ పిల్లను ఎప్పుడూ చూసింది కాదు కదా. "ఎండలో వచ్చినట్టున్నావు, మంచినీళ్ళు తాగుతావా అమ్మా?" అని అడిగింది. ఆ పిల్ల తీసుకుంది. గటగటా తాగి, గ్లాసు అక్క చేతికి ఇవ్వకుండా తనే కుళాయి దగ్గర కడిగి బోర్లించింది. వస్తానండీ అంది. ఒక్క మాట అనొచ్చు కదా? నేను మీ కోడల్ని అనొచ్చు కదా? అనలేదు. ఆ పిల్ల వెళ్ళాక అక్క నాతో ఏమందో తెలుసా, "ఎవరి పిల్లోగానీ పద్ధతైన పిల్ల" అంది.

వెంటనే లాగిన్ అయ్యాను. బుట్ట తెరిచాను. నూట పన్నెండు ఫోటోలూ ఉన్నాయి. చూశాను. పునరుద్ధరించు అనే చోట బాణం గుర్తు పెట్టాను. అక్క వెనకనుంచి పిలిచింది, మర్నాడు పెళ్ళి చీరలకు అబిడ్స్ వెళ్దామంది, చాలా రోజుల తర్వాత నవ్వుతూ అంది. ఇంకా రెండు రోజులు ఉంది కదా, ఆ చీరల ముచ్చటేదో తీరనీ, రెండో తారీఖు పొద్దున్న నొక్కి, నొక్కానని ఆవిడకు చెప్పేస్తాను అనుకున్నాను. ఒట్టు కిషన్, అంతే అనుకున్నాను. నిన్న మన స్టూడియో కిందనుంచే వెళ్ళాం. షట్టరు వేసి ఉంది.

ఈ పొద్దున్న తెరిచాను. ఏమీ లేదు. రెండు నుంచి రెండుకు నెల అని లెక్క కట్టాను. నెలంటే ముప్ఫై అనుకున్నాను. ఆగస్టుకు ముప్ఫై ఒకటి! ముప్ఫై రోజులు నిన్నటితోనే నిండాయి. కంపెనీకి రాశాను, మిషను జవాబు వచ్చింది, తిరిగి రావని.

నన్ను క్షమించమని అడిగే మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

గోపాలం


అబిడ్స్,
సెప్టెంబర్ 4

నిన్న పొద్దుగాల బస్సు దిగి మీ ఇంటికే వస్తుంటి. ముందుగాల స్టూడియోల బ్యాగు పెడదామని వచ్చిన, షట్టర్ కింద నీ జాబు ఉన్నది. చదివినంక నాంపల్లి దిక్కు రాలే. వస్తే నిన్ను ఏం చేస్తుంటినో నాకే తెల్వదు.

నాకు క్షమాపణ రాయకు. నాకేం పోయింది? నా పెండ్లి ఫోటోలు గోడకు ఉన్నయ్.

స్నేహలతకు నేనే పోయి చెప్పిన, దవాఖాన గేటు కాడ. చేతులకు గ్లౌజులు ఉన్నయ్. వినుకుంటనే వాటిని తీసి జేబుల పెట్టుకున్నది. "ఒక్క ఫోటో గూడ లేదా అంకుల్?" అని అడిగింది. లేదన్న. "డ్యూటీ ఉంది, పోతా" అన్నది. పోయింది.

నీ ఒట్లు, నీ ఏడుపు, మీ అక్క చీరల ముచ్చట, ఇయన్ని నాకు వద్దు. ఒక్కటే రాస్తున్న, జర చెవి పెట్టి విను. ఫోటో పోయింది. తీసినోడు పోలే. ఆ పొద్దు నూటికి పైన సార్లు ఆ వ్యూఫైండర్‌ల కన్ను పెట్టింది నువ్వు. నేను ఎక్కువ లైటే పట్టుకున్న. పెండ్లికొడుకు సొంత మేనమామవు. నా మాట నిలబడదన్న వకీలు, నీ పేరు చెప్పంగనే కుర్చీల నుంచి లేచిండు.

11 నాడు పదిన్నరకు కోర్టు. వస్తవో రావో నీ ఇష్టం. ఇగ నేను జాబు రాయ.


నాంపల్లి,
సెప్టెంబర్ 8

కిషన్,

ఈ కాగితాలు వకీలుగారికి ఇవ్వు. రెండు రోజులు కూర్చుని రాశాను. మొన్న నిమజ్జనం గోలలో కూడా రాశాను. నూట పన్నెండూ గుర్తు లేవు, ముప్ఫై ఏడు గుర్తున్నాయి. అన్నీ వేరే కాగితాల మీద వరుసగా ఉన్నాయి. కొన్ని నీకు ఇక్కడ రాస్తున్నాను, తప్పుంటే నువ్వు చెప్పు, నువ్వూ ఉన్నావు కదా.

మొదటిది. గుడి బయట చెప్పులు. ఐదు జతలు. స్నేహలతవి కొత్తవి, మడమ దగ్గర ధర చీటీ ఇంకా ఉంది. నువ్వు నవ్వావు, చీటీ పీకనా అన్నావు. ఉండనీ, బాగుంది అన్నాను.

రెండోది. శశి తలకు బాసికం. తాడు వదులైంది, కుడి చేత్తో పట్టుకున్నాడు. ఆ చేతికి నేనిచ్చిన వాచీ.

మూడోది. జీలకర్ర బెల్లం ముందు. అయ్యగారు మంత్రం చదువుతున్నారు. అందరూ పళ్ళెం వైపు చూస్తున్నారు, ఆ పిల్ల ఒక్కతే గుమ్మం వైపు చూస్తోంది. నేను కెమెరా దించి, ఎవరైనా రావాలా అమ్మా అని అడిగాను. "ఎవరూ రారు మామయ్యగారూ. నాన్నకు చెప్పలేదు. చెప్పి ఉంటే లారీ దగ్గరనుంచి అలాగే పరిగెత్తుకుంటూ వచ్చేవాడు" అంది. అని మళ్ళీ గుమ్మం వైపే చూసింది. అప్పుడు తీశాను. కళ్ళు నిండి ఉన్నాయి, నీళ్ళు కారలేదు.

ఇరవై రెండోది. మూడు ముళ్ళు. రెండో ముడి దగ్గర శశి వేళ్ళు తడబడ్డాయి. ఆ పిల్లే జడ పక్కకు తీసి పట్టుకుంది.

ముప్ఫై ఏడోది నేను తీయలేదు. నా చేతిలోంచి కెమెరా లాక్కుని నువ్వు తీశావు. ఇద్దరూ వంగి ఉన్నారు. వాళ్ళ తల మీద అక్షింతలు వేస్తున్నది నేను. కలకాలం చల్లగా ఉండండి అన్నాను. శశి తరఫున పెద్దవాడిగా ఆ గుడిలో ఉన్నది నేనొక్కణ్ణే. ఆ పెళ్ళి చేసింది నేనే కిషన్. ఈ ఒక్క ముక్క నీకు కూడా ఒప్పుకోకుండా ఇన్ని ఉత్తరాలు రాశాను.

ఇవాళ పొద్దున్న అక్కకు చెప్పాను. కోర్టుకు వెళ్తున్నానన్నాను. ఆ రోజు మంచినీళ్ళు తాగిన పిల్లే స్నేహలత అన్నాను. అక్క లేచి నా బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దింది. చొక్కాలన్నీ నీటుగా, గుండీలు పెట్టి సర్దింది. పెట్టె వీధి గుమ్మం దగ్గర పెట్టి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

పదిన్నరకు వస్తాను.

గోపాలం


అబిడ్స్,
సెప్టెంబర్ 12

గోపాల్,

రాయనన్న, రాస్తున్న. నువ్వు స్టేషన్ ముంగట లాడ్జీల దిగినవని పద్మ కనుక్కొని చెప్పింది. ఈ జాబు ఆమెనే తెస్తది.

నిన్న ఎన్క బెంచీల కూసొని అంత విన్న. ఆ పక్క వకీలు నిన్ను బాగనే కుళ్ళబొడిచిండు. "ఫోటోలు మీరే తీసేశానంటున్నారు, అబద్ధం రాశానంటున్నారు, మిమ్మల్ని ఎందుకు నమ్మాలి?" అన్నడు. నువ్వు "నమ్మకండి, అడగండి" అన్నవ్. ఆ పొద్దు పిల్ల చీర ఏ రంగు అని అడిగిండు. పసుపు, ఎర్ర అంచు అన్నవ్. "గుడిలో ట్యూబులైటు వల్ల ఆకుపచ్చగా పడుతోంది, నాలుగుసార్లు రంగు సరిచేసి తీశాను, అయినా అంచు సరిగ్గా రాలేదు, ఆ అసంతృప్తి నాకిప్పటికీ ఉంది" అన్నవ్. జడ్జి తల ఎత్తి చూసిండు. స్నేహలత సంచిల నుంచి ఆ చీర తీసి బల్ల మీద పెట్టింది. శశికిరణ్ దిక్కు చూసిన, ఆయన తన చెప్పులు చూసుకుంటున్నడు.

వచ్చే వాయిదా దాక ఇంకో పెండ్లి చేసుకోవద్దని ఆర్డర్ ఇచ్చిండ్రు. గెల్చినమని కాదు, ఇంకా మస్తు వాయిదాలు ఉన్నయ్. మీ అక్క వరండాల కూసొని ఉండె. నువ్వు ముంగట నుంచి పోతుంటే మొహం తిప్పుకున్నది. నేను చూసిన. నువ్వు ఆగి, మల్ల నడిచినవ్.

నిన్ను మాఫ్ చేయలే. అది నీకు తెలువాలె. తారీఖు మార్చి రాసినవ్ సూడు, అది నాకు పోతలేదు. గాని లాడ్జీల ఎన్ని రోజులు ఉంటవ్? స్టూడియో ఎన్క గది ఖాళీగనే ఉన్నది, పద్మ ఊడిపిచ్చింది. వచ్చి పండుకో. మాట్లాడాలని లేదు, పండుకో.

ఇంకో పని ఉన్నది, అది నా తోని అయితలేదు. నువ్వు రాసిన కాయితాలు జిరాక్స్ తీసి బాలమల్లుకు ఇచ్చిన. ఆయనకు సదువు రాదు, చదివి వినిపియ్యమన్నడు. ఇయ్యాల పొద్దుగాల మెట్ల మీద కూసొని చదివిన. కండ్లు మూసుకొని విన్నడు. మూడో ఫోటో కాడ ఆపిండు. మల్ల చదువుమన్నడు. చదివిన. మల్ల అన్నడు. మూడోసారి నడిమిట్ల లేచి లోపటికి వచ్చిన. ఆయన ఇంకా ఆడనే, మెట్ల మీద కూసొని ఉన్నడు.

నువ్వొచ్చి చదువు.

కిషన్